నీలం పెట్టని తెలుపు

గురువారం పొద్దున పదింటికి సంఘం గదిలో నల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కాస్తొరీనా కూర్చుందంటే, ఇక ఆ గదిలో ఎవరూ గొంతెత్తరు. తెరెరే తాగే కొమ్ము చేతులు మారుతుంది, చల్లటి మతే ఆకు నీళ్లు పీల్చిన చప్పుడు తప్ప మాట వినిపించదు. ఇతావ్‌గ్వా ఊళ్లో లేసు అల్లే ఆడవాళ్ల పనిలో ఏది రాజధాని దుకాణాలకు వెళ్లాలో, ఏది కింది అరలో పడాలో పద్దెనిమిదేళ్లుగా ఆవిడే చెబుతోంది. వయసు అరవై తొమ్మిది. వాళ్లలో సగం మందికి సూది పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. అందుకే చిన్నా పెద్దా అందరూ పేరుకు ముందు మర్యాదగా ‘న్యా’ చేర్చి, న్యా కాస్తొరీనా అంటారు.

ఆ రోజు మూడోగా వంతు వచ్చింది సునీల్దాకి. ముప్పై నాలుగేళ్ల మనిషి, రైలుకట్ట అవతల ఉంటుంది. దిండుగలీబులోంచి పసిపిల్లల బాప్తిస్మం గౌను తీసి నల్లగుడ్డ మీద పరిచింది. నాలుగు నెలల పని. అంచంతా జామపూలు, నడుమున చక్రాలు, చక్రానికి నలభై ఎనిమిది పోగులు.

కాస్తొరీనా కళ్లు మూసుకున్నంత పని చేసి, వేళ్లతో తడిమింది. ముడులు సమంగా ఉన్నాయి. కర్రపెండలం గంజి పట్టవలసినంతే పట్టింది. గౌను ఎత్తి కిటికీ వైపు పట్టుకుంది.

“పసుపెక్కింది,” అంది.

“ఎక్కడ, న్యా కాస్తొరీనా?”

“ఎక్కడేమిటి, మొత్తం. మాగిన అరటిపండు తోలులా ఉంది. కట్టెల పొయ్యి పక్కన కూచుని అల్లావా?”

“లేదు. పోయినసారి మీరన్నాక పొయ్యి పెరట్లోకి మార్చేశాం. నేను ముందు వరండాలో కూచుంటున్నా.”

“పొయ్యి కాకపోతే చేతులు. సూది పట్టేముందు చేతులు కడుక్కోవాలని నీకు నేను నేర్పలేదూ? ఇది మూడోసారి, అమ్మాయ్. పుట్టిన బిడ్డకి తొడిగే బట్ట ఇది. మురికి చేతులతో అల్లి తెస్తే ఏ తల్లి తొడుగుతుంది?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సునీల్దా చేతులు రెండూ ముందుకట్టు గుడ్డ కిందికి పోయాయి. గదిలో ఇంకో ఏడుగురున్నారు. ఆ ఏడుగురూ గౌను వైపే చూస్తున్నారు.

తర్వాతి వంతు బ్లాసిదాది. సంఘం తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆవిడ పరిచిన బల్లగుడ్డను కాస్తొరీనా కిటికీ వైపు ఎత్తి, “ఇదీ తెలుపంటే. చూసి నేర్చుకో, సునీల్దా,” అంది. బ్లాసిదా తల దించుకుంది. మెప్పుకు సిగ్గుపడిందనుకుంది కాస్తొరీనా.

గౌను కింది అరలోకి వెళ్లింది.

కాస్తొరీనా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఎదురుగా ఉన్న మనిషిని గొంతు విన్నాకే గుర్తుపడుతోంది. మొహాల మీద పొద్దస్తమానం మంచు కప్పినట్టే ఉంటోంది. పోగులు కళ్లతో లెక్కపెట్టి చాలా కాలమయింది, అంతా వేళ్లతోనే. ఇంట్లో ఆ సంగతి పట్టుకున్నది అన్నకూతురు మేబెల్. రోడ్డు దాటుతూ ఎదురొస్తున్న మోటారుసైకిలును చూడక అత్త దాని ముందుకే నడిచిపోతే, రెక్క పట్టి వెనక్కి లాగింది. ఆ సాయంత్రమే ఫోను చేసి, సోమవారానికి రాజధాని అసున్సియోన్‌లో కంటి డాక్టరు దగ్గర సమయం తీసుకుంది.

డాక్టరు రికెల్మే చిన్న వయసు మనిషి. చుక్కలు వేసి, గడ్డం ఇనుప బద్ద మీద ఆనించమని, లైటు వేసి రెండు కళ్లూ చాలాసేపు చూసింది.

“రెండు కళ్లకీ పొర బాగా ముదిరిపోయింది. ఇది నిన్నా మొన్నటిది కాదమ్మా. మూడేళ్లయినా అయుంటుంది. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు?”

“అలాగే, తల్లీ.”

“సరే. పొర తీసేసి లోపల చిన్న లెన్సు పెడతాం. ముందు కుడికన్ను, రెండు వారాలాగి ఎడమది. కానీ ఏ లెన్సు పెట్టాలో మీరే చెప్పాలి. ఒకసారి పెడితే ఇక అది మీతోనే ఉంటుంది.” డాక్టరు రెండు అరచేతులూ గాలిలో ఎత్తింది, ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా. “దూరానికి పెడితే బస్సు బోర్డు, వీధిలో మనుషులు శుభ్రంగా కనిపిస్తారు. దగ్గరి పనికి కళ్లజోడు కావాలి. దగ్గరకు పెడితే చేతిలో ఉన్నది జోడు లేకుండా కనిపిస్తుంది, వీధికి జోడు కావాలి. రెండూ కనిపించే రకమూ ఉంది. ఖరీదెక్కువ, పైగా దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, చూపు పదును కాస్త తగ్గుతుంది. ఏది మంచిదని నన్నడక్కండి. మీరు రోజంతా కళ్లతో ఏం పని చేస్తారో అది చెప్పండి, చాలు.”

“మా అత్త లేసు...” అని మేబెల్ మొదలుపెట్టింది.

“ఏ పనీ చెయ్యను,” అంది కాస్తొరీనా. “కోళ్లకి గింజలేస్తాను. ఆదివారం చర్చికి పోతాను. అంతే.”

మేబెల్ అత్త మొహంలోకి చూసింది. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, “కుట్టుపని, అల్లికపని?” అని మళ్లీ అడిగింది.

“ఈ వయసులోనా!”

“అయితే దూరానికే పెడదాం.”

తిరుగు బస్సులో మేబెల్ చిపా రొట్టె కొని విరిచి సగం చేతిలో పెట్టింది. “ఎందుకత్తా అబద్ధం? కోళ్లు కూడా రెండేగా ఉన్నాయి.”

“మూడేళ్లుగా గుడ్డిదాన్నని ఆవిడే అంది కదా. గుడ్డిదాన్ని బల్ల ముందు కూచుని ఊరందరి పనికీ వంక పెడుతున్నానని నా నోటితో చెప్పమంటావా?”

“గుడ్డి అని ఆవిడనలేదు.”

“రొట్టె తిను,” అంది కాస్తొరీనా.

బుధవారం ఆపరేషను పావుగంటలో అయిపోయింది. గురువారం పొద్దున నర్సు కట్టు విప్పింది. కాస్తొరీనా కన్ను తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్లీ తెరిచింది. ముందు కనిపించింది నర్సు కోటు. ఎండలో మెరిసే సున్నపు గోడలా ఉంది. ఎడమకంటితో చూసింది. అదే కోటు మతే నీళ్లలో ముంచి తీసినట్టుంది. కుడి, ఎడమ, మళ్లీ కుడి. చిన్నపిల్లలా నవ్వొచ్చింది.

“అందరూ ఇదే ఆట ఆడతారు,” అంది నర్సు కూడా నవ్వుతూ.

“మీ కోటు ఇదివరకూ ఇంత తెల్లగానే ఉండేదా?”

“కోటు ఇంతే. ముదిరిన పొర పసుప్పచ్చగా ఉంటుంది. మెల్లగా వస్తుంది కదా, లోకమే అలా ఉందనుకుంటారు. పోయిన నెల ఒకాయన ఇంటికెళ్లి, నా చొక్కాలన్నీ కొత్తవి కొన్నావా అని పెళ్లాన్ని అడిగాట్ట.”

మేబెల్ పకపకా నవ్వింది. కాస్తొరీనా నవ్వు ఆగిపోయింది. “మాగిన అరటిపండు తోలు” అన్న మాట, తన గొంతుతోనే, చెవిలో పడింది.

బస్సులో దారి పొడవునా మేబెల్ బోర్డులు చదివించింది. కాస్తొరీనా చదివింది, తప్పు లేకుండా. మేబెల్ చప్పట్లు కొడితే తల తిప్పి కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఆ గురువారం బల్ల దగ్గరికి వెళ్లలేదు. ఆపరేషనయిన మనిషి కదా అని ఎవరూ ఏమనుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ ఆవిడ బ్లాసిదా ఇంటికెళ్లి తాళంచెవి అడిగి, ఒక్కతే సంఘం గది తెరిచింది. కిటికీ తలుపులు రెండూ తోసింది. పై అరలో, తను ఒప్పుకున్న లేసులు మడతలుగా ఉన్నాయి. మొదటిది తీసి నల్లగుడ్డ మీద పరిచింది.

నీలంగా ఉంది.

రంగుదారం కాదు. తెల్లదారమే, కానీ మీగడంతా తీసేసిన పాలలా ఉంది. రెండోది తీసింది. మూడోది. బ్లాసిదా బల్లగుడ్డ అయితే చెరువులో ఆకాశంలా ఉంది. ఎడమకంటితో చూస్తే అన్నీ తెల్లగా, అందంగా, ఒప్పుకోదగినట్టే ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. గంజి వాసన వెనక చాకిరేవు నీలం వాసన.

నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజున ఆవిడ చెప్పే మాట ఒకటే: లేసుకు నీలం పెట్టకు. బట్టకు పెట్టుకో, దుప్పటికి పెట్టుకో, లేసుకు మాత్రం వద్దు. నాలుగేళ్లు తిరిగేసరికి పోగుల సందుల్లో చారలు తేలతాయి.

వంగి కింది అరలోంచి సునీల్దా గౌను తీసింది. పరవకముందే తెలిసిపోయింది. అప్పుడే విరిచిన కర్రపెండలం లోపలి తెలుపు అది. దాని పక్కన గదిలోని మిగతావన్నీ నీలాలు.

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో, బ్లాసిదా గుమ్మంలోకి వచ్చి నిలబడేదాకా కదల్లేదు. బల్ల మీద పరిచినవి చూడగానే బ్లాసిదా చెప్పులు విప్పబోయి ఆగిపోయింది.

“ఎప్పట్నించి?” అంది కాస్తొరీనా.

“రెండేళ్లవుతుంది న్యా. మొదట ఎవరిదో గంజిలో పొరపాటున నీలం పడింది. ఆ రోజు మీరు దాన్నే తెగ మెచ్చుకున్నారు. మామూలుగా తెచ్చినవాళ్లవి పసుపన్నారు. ఇక ఒకరిని చూసి ఒకరం...”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“లియోనార్దా చెప్పబోయింది. గుర్తులేదా? ‘నా కళ్లకే వంక పెట్టేంతదానివయ్యావా’ అని బల్ల దగ్గర్నించి లేపేశారు. ఇప్పుడది ఊళ్లో బిస్కట్ల కొట్లో పని చేస్తోంది.”

గుర్తు లేకపోవడమేం, ఉంది. ఆ రోజు తన మాట భలే పదునుగా వచ్చిందని ఇంటికెళ్లి మేబెల్‌కి చెప్పుకుంది కూడా.

“మరి సునీల్దాకి మీరు చెప్పలేదా?”

బ్లాసిదా ముందుకట్టు గుడ్డతో మొహం తుడుచుకుంది. “చెప్పాం. చిటికెడు వెయ్యవే, గొడవ వదిలిపోతుందని నేనే చెప్పా. వినలా. న్యా కాస్తొరీనా వద్దన్నది నేను పెట్టనంది.”

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక కాస్తొరీనా ఇంటికి పోకుండా రైలుకట్ట దాటింది. కుడికన్ను దారంతా ఒక్కొక్క రాయీ చూపిస్తోంది. సునీల్దా వంటింట్లో పీట మీద కూచుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. పెద్దావిడను చూసి లేవబోయింది. అప్పుడు చేతులు కనిపించాయి. వేళ్ల కణుపుల మీద తోలు పగిలి, ఎండిన చెరువులో బీటల్లా ఉంది. రెండు చోట్ల రక్తం గడ్డకట్టింది.

“ఏమిటా చేతులు?”

సునీల్దా వాటిని దాచుకోలేదు ఈసారి. “బ్లీచింగు నీళ్లు. సూది పట్టే ముందు ముంచి, బ్రష్షుతో రుద్దుకుంటున్నా. ఏడాదయింది.”

“ఎందుకే...”

“మీరన్నారు కదా.” చెక్కు తియ్యడం ఆపలేదు. “నాకు తెల్లగానే కనిపించేది. మా ఆయన్నడిగితే తెల్లగానే ఉందనేవాడు. కానీ న్యా కాస్తొరీనా పసుపందంటే పసుపే అయుంటుంది, నా కళ్లే చెడ్డాయేమో అనుకున్నా. రాత్రి పడుకుని చేతులు వాసన చూసుకునేదాన్ని.”

కాస్తొరీనాకు కూర్చోమన్న మాట ఎవరూ అనలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడే, చెప్పవలసినది చెప్పింది. పొర సంగతి, నర్సు కోటు సంగతి, అరల సంగతి. సునీల్దా చెక్కు తీస్తూనే ఉంది. నేల మీద కోడిపెట్ట తొక్కలు పొడుస్తోంది.

“తప్పు నాది. ఇక ఆ బల్ల దగ్గర కూచోను. రెండో కంటికీ దూరపుదే పెట్టించుకుంటాను. లేసు జోలికే రాను. ఇంకెవరినైనా పెట్టుకోండి.”

సునీల్దా కత్తి కింద పెట్టింది. “బాగుంది. అనేటప్పుడు ఏడుగురి ముందు అన్నారు. ఇప్పుడేమో మా వంటింట్లో, ఈ కోడిపెట్ట ముందు చెబుతున్నారు. చెప్పేసి, ఇక కనపడనంటున్నారు.”

కాస్తొరీనా గోడ మీంచి చెయ్యి తీసింది.

“నేను సంతకి పోతే అడుగుతారు, ఏమే, చేతులు కడుక్కున్నావా అని. నా కూతుర్ని బళ్లో ‘మురికి చేతుల కూతురు’ అన్నారు. వాళ్లకెవరు చెబుతారు? కోడిపెట్టా?”

ఆ తర్వాత గిన్నెలో నీళ్లు పోసి కర్రపెండలం పొయ్యి మీద పెట్టడానికి పెరట్లోకి వెళ్లింది. తిరిగి రాలేదు. కాస్తొరీనా కాసేపు ఆగి, వెళ్లిపోయింది.

గురువారం పది కాకముందే గది నిండింది. బ్లాసిదా చెప్పేసినట్టుంది. ఏ ఒక్కరి చేతిలోనూ మూట లేదు. తెరెరే కొమ్ము కిటికీ గూట్లో ఎవరూ ముట్టక ఉంది. కాస్తొరీనా పై అరలోవన్నీ తెచ్చి బల్లకు ఒక పక్క పేర్చింది. గౌను రెండో పక్క పరిచింది. కూర్చోకుండా నిలబడింది.

నీలాల కుప్ప మీద చెయ్యి వేసినప్పుడు నాలుక చివర ఒక మాట తయారుగా ఉంది. ‘రెండేళ్లు నన్ను మోసం చేశారు.’ నిజమైన మాటే. అది ఒక్కటంటే చాలు, గదిలో తలలన్నీ ఇంకా వంగుతాయి, తనది నిటారుగా ఉంటుంది. ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ పెదవులు విడివడ్డాయి కూడా. గుమ్మం పక్కన సునీల్దా నిలబడి ఉంది, చేతులు పైకి కనిపించేలా కట్టుకుని.

“ఈ గౌను తెలుపు,” అంది కాస్తొరీనా. “దీన్ని నేను పసుపన్నాను. పసుపు నా కంట్లో ఉంది. మూడేళ్లుగా నాకు సరిగ్గా కనిపించడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కూచున్నాను. ఆ పిల్ల చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఎప్పుడూ శుభ్రంగానే ఉన్నాయి. నేనన్నది తప్పని ఇక్కడున్న మీరంతా మీ ఇళ్లల్లో చెప్పండి. సంతలో అడిగినవాళ్లకీ చెప్పండి. కాస్తొరీనాయే చెప్పమందని చెప్పండి.”

“మేమూ, న్యా... నీలం...” అంది వెనక ఒకామె ఏడుపు గొంతుతో.

“మీ సంగతి తర్వాత. ఇవాళ నాది.”

కుర్చీ వెనకే ఉంది. అయినా కూర్చోలేదు. సునీల్దా బల్ల దగ్గరికి వచ్చింది. క్షమించానని గాని, సరేనని గాని అనలేదు. గౌను తిరగేసి, భుజం దగ్గర వేలు పెట్టింది.

“ఇది చూడండి.”

“ఏముంది?”

“చూడండి ముందు.”

కాస్తొరీనా గౌను దగ్గరికి తెచ్చుకుంది. కిటికీ అవతల చర్చి గంట మీది తుప్పు కనిపిస్తోంది కాని, చేతిలో పోగులు నీళ్లలో అలుక్కుపోయినట్టున్నాయి. సంతలో కొన్న కళ్లజోడు తీసి పెట్టుకుంది. ఒక కంటికి పొర, ఒక కంటికి కొత్త లెన్సు. తల తిరిగింది. జోడు తీసేసి, ఎప్పటిలా వేళ్లకు వదిలింది. వేళ్లు రెండుసార్లు దాటిపోయి, మూడోసారి ఆగాయి.

“ఇక్కడ పోగు వదులుగా ఉంది.”

“రెండు పోగులు. బాప్తిస్మంనాడు బిడ్డ చెయ్యి కదిపితే చక్రం విచ్చుకుంటుంది. తెచ్చేటప్పుడే నాకు తెలుసు. మీరు పట్టేస్తారని భయపడుతూ తెచ్చా. పట్టుకోలేదు, చేతులన్నారు.” గౌను మడిచి దిండుగలీబులో పెట్టుకుంది. “విప్పి కడతాను. గురువారం తెస్తాను, ఇక్కడ చూసేవాళ్లుంటే.”

ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. రైలుకట్ట ఎక్కేదాకా సునీల్దా నడక కాస్తొరీనాకు కిటికీలోంచి స్పష్టంగా కనిపించింది.

మర్నాడు ఎడమకన్ను కోసం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు రికెల్మే పాత కాగితం ముందు పెట్టుకుని, “కోళ్లు, చర్చి. ఇదీ దూరానికేనా?” అంది.

“వెనకటిసారి అబద్ధం చెప్పాను.”

డాక్టరు కలం ఆపింది. మేబెల్ గోడ మీది కేలండరు చూస్తోంది.

“నేను లేసు చూస్తాను. ఇతరులు అల్లింది. బాగుందో లేదో చెబుతాను. సిగ్గేసి చెప్పలేదు.”

“అప్పుడే చెప్పుంటే కుడికన్నుకి కూడా ఆలోచించేవాళ్లం కదమ్మా.” డాక్టరు కోప్పడలేదు. “ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరకి పెట్టొచ్చు. కొందరికి కుదురుతుంది, కొందరికి నెలో రెండు నెలలో తల తిరిగినట్టుంటుంది. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. ఓర్చుకోగలరా?”

“ఓర్చుకుంటాను.”

“అయితే ఎంత దగ్గరో కావాలి నాకు. పని ఎక్కడ పట్టుకుంటారో చూపించండి.”

కాస్తొరీనా కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి, లేని గౌనును లేని వెలుతురుకు పట్టుకుంది. డాక్టరు టేపు తీసి ఒక కొస ఎడమకంటి పక్కన, ఇంకో కొస వేళ్ల దగ్గర పెట్టింది.

“ఇక్కడేనా?”

కాస్తొరీనా ఆలోచించి, చేతులు వేలెడు మేర ముందుకు జరిపింది. మళ్లీ కాస్త వెనక్కి. “ఇక్కడ.”

“ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు,” అని డాక్టరు రాసుకుంది. “చేతులు దించండి, అయిపోయింది.”

కాస్తొరీనా దించలేదు.

“ఇంకోసారి కొలవండి డాక్టరమ్మా,” అంది.